పాత ఆటల పరకాయ ప్రవేశం

ఏ కళ అయినా నిలవాలంటే దానికి ఒక ఆశ్రయం కావాలి. పద్యం తాటాకును ఆశ్రయించింది; ఆకు శిథిలమైతే మరొక ఆకు మీదికి ఎక్కింది. నాట్యం గురువు ఒంటి నుంచి శిష్యుని ఒంటికి దిగివచ్చింది. పాట గొంతు నుంచి గొంతుకు సాగింది. ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన కొన్ని కళలకు మాత్రం ఈ అదృష్టం లేకపోయింది. అవి యంత్రంలో పుట్టి, ఆ యంత్రంతోనే పోయే కళలు. సినిమా అటువంటిదే. వీడియో గేము అంతకన్న సున్నితమైనది.

సినిమా సంగతి మనవారికి వేరే చెప్పనక్కరలేదు. 1932లో హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ‘భక్త ప్రహ్లాద’ మన మొదటి టాకీ అని గర్వంగా చెప్పుకుంటాము; కాని చూద్దామంటే దాని ప్రతి లేదు. అమెరికాలోనూ ఇదే కథ. అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆ దేశంలో తీసిన సుమారు 11,000 పూర్తి నిడివి మూకీ చిత్రాలలో మొదట విడుదలైన రూపంలో సమగ్రంగా మిగిలినవి 14 శాతమే. పదేళ్ళ తరువాత, 2023లో, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ మరొక లెక్క తీసింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన వీడియో గేములలో 87 శాతం ఆనాడు ఏ దుకాణంలోనూ కొనడానికి దొరకలేదు. ఒక కళలో వందకు 87 రచనలు అంగడిలో లేకపోవడమంటే సామాన్యమైన నష్టం కాదు.

‘పిల్లల ఆటలు పోతే ఏమి?’ అని పెద్దలు కొందరు అడగవచ్చు. ఒక్క మాట మనవి చేస్తాము. లక్షలాది మంది జీవితంలో మొట్టమొదట చేయి వేసిన కంప్యూటరు ఆఫీసులోది కాదు, ఆటల యంత్రంలోది. అతి తక్కువ సామగ్రితో అతి ఎక్కువ పని చేయించుకున్న నేర్పు ఆ ఆటలలో దాగి ఉంది. అది ఒక తరం ఇంజనీర్ల చేతివ్రాత. ఆ చేతివ్రాతను ఇంతవరకు నిలిపినవారిలో ప్రభుత్వాల కన్న, కంపెనీల కన్న, కొద్ది డాలర్ల బోర్డు కొని తెచ్చి గారేజీలో టంకం పెట్టుకున్న సామాన్యులకే ఎక్కువ పాలు దక్కుతుంది. వారి చరిత్రను మన పాఠకులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట పుట్టిన తీరు

1958 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, చూడవచ్చిన జనానికి విసుగు పుట్టకూడదని, ఆసిలోస్కోప్ తెరమీద టెన్నిస్ ఆట ఒకటి అమర్చాడు. మరుసటి ఏటి ప్రదర్శన ముగియగానే దానిని విప్పేసి భాగాలను వేరే పనులకు వాడుకున్నారు. 1997లో ప్రయోగశాల స్వర్ణోత్సవానికి ఆ యంత్రాన్ని మళ్ళీ కట్టారు. పాత పటాలు ఉండబట్టి ఆ పని సాధ్యమయింది. వీడియో గేముల మొదటి పేజీలోనే ఈ కళ గుణం బయటపడింది: విప్పేస్తే పోతుంది, పటం ఉంటే తిరిగి వస్తుంది.

1962లో ఎం.ఐ.టి. విద్యార్థులు పీడీపీ-1 కంప్యూటరు మీద ‘స్పేస్‌వార్’ ఆడారు. 1972లో రాల్ఫ్ బేర్ రూపకల్పన చేసిన ఆటపెట్టె ‘ఒడిస్సీ’ అన్న పేరుతో ఇళ్ళలోని టీవీలకు వచ్చింది. అదే ఏడు అటారీ కంపెనీ ‘పాంగ్’ను వినోదశాలలలో పెట్టింది. ఆ తరువాత జపాను వంతు వచ్చింది. 1978లో తోమోహిరో నిషికాడో ‘స్పేస్ ఇన్‌వేడర్స్’ను, 1980లో తోరు ఇవతాని ‘ప్యాక్‌మ్యాన్’ను సృష్టించారు. 1983లో నింటెండో వారి ఫామికామ్ జపానులో వెలువడింది. అదే 1985లో పేరు, వేషం మార్చుకుని అమెరికాకు వచ్చింది.

ఆట ఎక్కడ ఉంటుంది?

పుస్తకం ఎక్కడ ఉందంటే కాగితం మీద ఉందని చెప్పగలము. ఆట ఎక్కడ ఉందంటే జవాబు అంత తేలిక కాదు. ‘పాంగ్’లో అసలు ప్రోగ్రామే లేదు. అందులో ప్రాసెసరు లేదు. చిన్న చిన్న లాజిక్ చిప్పులను తీగలతో కలిపిన తీరే ఆ ఆట. ఆ బోర్డులో నకలు తీసుకుపోవడానికి ఫైలంటూ ఏదీ ఉండదు.

‘స్పేస్ ఇన్‌వేడర్స్’ నాటికి ప్రాసెసరు వచ్చింది. ఆట ప్రోగ్రాము మొత్తం 8 కిలోబైట్లు. ఈ రోజు ఫోనులో తీసే ఒక్క ఫోటో దానికి వందల రెట్లు పెద్దది. ఆ ఆట ఆడినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. శత్రువులు 55 మంది ఉన్నంతసేపు మెల్లగా నడుస్తారు. ఒక్కొక్కరు చస్తున్నకొద్దీ మిగిలినవారు వేగం పుంజుకుంటారు. చివరివాడు పరుగులు తీస్తాడు. దీనికి కారణం ఏమిటంటే, యంత్రం తెర మారిన ప్రతిసారి, అంటే సెకనులో అరవయ్యో వంతుకు ఒకసారి, ఒక్క శత్రువును మాత్రమే జరపగలదు. 55 మంది ఉంటే ఒకరి వంతు మళ్ళీ రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఒక్కడే మిగిలితే ప్రతిసారీ వాడి వంతే. యంత్రానికి ఉన్న పరిమితే ఆటకు ప్రాణమయింది. కనుక ప్రోగ్రాము ఒక్కటే దాచితే చాలదు; ఆ యంత్రపు నడకను కూడా దాచాలి.

ఇంతటితో అయిపోలేదు. ఆ ఆటలోని శబ్దాలు చాలావరకు ప్రోగ్రాములో లేవు. బోర్డు మీది రెసిస్టర్లు, కెపాసిటర్లు కలిసి వాటిని పుట్టిస్తాయి. చిప్పులోని అక్షరాలన్నీ పొల్లుపోకుండా ఎక్కించుకున్నా ఆ శబ్దాలు రావు. తుపాకీతో గురిచూసే ఆటలదీ ఇటువంటి ఇబ్బందే. ఆ ప్లాస్టిక్ తుపాకీ పాత గాజుగొట్టం టీవీ తెర వెలుగును చూసి పని చేస్తుంది. పలుచని కొత్త టీవీ ముందు అది గుడ్డిది.

యంత్రం ఎలా పోతుంది?

ఆటల యంత్రాలు పోయే దారులు పలు రకాలు. కెపాసిటర్లు ఎండిపోతాయి, లేదా కారి బోర్డు మీది రాగి దారులను తినేస్తాయి. ఈప్రోమ్ అనే చిప్పులలో సమాచారం విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఆవేశం జారిపోతుంది. పైనున్న గాజు కిటికీకి అంటించిన కాగితం ఊడి ఎండ తగిలితే మరీ త్వరగా చెరిగిపోతుంది.

అన్నిటిలోకి విచిత్రమైనది జపాను కంపెనీ క్యాప్‌కామ్ 1993 నుంచి అమ్మిన ‘సీపీఎస్-2’ బోర్డు కథ. దొంగ నకళ్ళను అరికట్టడానికి ఆ కంపెనీవారు ప్రోగ్రామును రహస్య లిపిలో వ్రాసి, దాని తాళంచెవిని బ్యాటరీతో నడిచే జ్ఞాపకంలో పెట్టారు. బ్యాటరీ ఉన్నంతకాలమే తాళంచెవి ఉంటుంది. బ్యాటరీ అయిపోయిన రోజు బోర్డు చెక్కుచెదరకుండానే ఉంటుంది, ఆట మాత్రం ఉండదు. ఇటువంటి బ్యాటరీకి ఈ రంగంలోనివారు ‘ఆత్మహత్య బ్యాటరీ’ అని పేరు పెట్టారు. యజమాని ఎంత జాగ్రత్తగా దాచుకున్నా గడువు తీరగానే పోయేటట్లు చేసిన వస్తువు అది.

కంపెనీల నిర్లక్ష్యానికి ఒక నిదర్శనం చాలు. 1983 సెప్టెంబరులో అటారీ కంపెనీ అమ్ముడుపోని సరుకును లారీలకు ఎత్తించి, న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో ఊరి చెత్తగుంటలో పూడ్పించింది. చాలాకాలం అది కట్టుకథేమోనని అనుమానించినవారు ఉన్నారు. 2014 ఏప్రిల్ 26న తవ్వి చూస్తే నిజమేనని తేలింది. సుమారు 1,300 కార్ట్రిడ్జీలు బయటికి తీశారు. చెత్తగుంటలోంచి తీసిన సరుకుకు స్మిత్సోనియన్ మ్యూజియంలో చోటు దొరికింది.

వేషం కట్టే ప్రోగ్రాము

యంత్రం పోయినా ఆట బతకాలంటే మరొక యంత్రం ఆ పాత యంత్రం వేషం కట్టాలి. ఈ పని చేసే ప్రోగ్రామునే ఎమ్యులేటరు అంటారు. మన పగటివేషగాళ్ళను తలచుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. వారు పొద్దున సోమయాజి, మధ్యాహ్నం ఫకీరు. మనిషి ఒక్కడే అయినా మాట, నడక, ఒడుపు వేరు. అలాగే ఈనాటి కంప్యూటరు 1980 నాటి ప్రాసెసరు వేషం కట్టి, పాత చిప్పులోని ఆజ్ఞలను ఒక్కొక్కటే చదివి, ఆ ప్రాసెసరు ఏమి చేసేదో అది చేస్తుంది. ఆటకు తాను కొత్త ఇంట్లో ఉన్న సంగతి తెలియదు.

ఈ రంగంలో ముఖ్యమైన తేదీ 1997 ఫిబ్రవరి 5. ఆ రోజు ఇటలీకి చెందిన నికొలా సాల్మోరియా ‘మేమ్’ అనే ఎమ్యులేటరు మొదటి రూపాన్ని విడుదల చేశాడు. మొదట అది ‘ప్యాక్‌మ్యాన్’ కుటుంబపు యంత్రాలకు పరిమితం. తరువాత దేశదేశాల నుంచి చేతులు కలిసి, వేలాది వినోదశాల యంత్రాలకు విస్తరించింది. ‘మేమ్’ను నడిపేవారు మొదటి నుంచి ఒక మాట చెబుతూ వచ్చారు: పాత యంత్రం ఎలా పని చేసేదో నమోదు చేయడం తమ లక్ష్యం, ఆట ఆడగలగడం ఆ నమోదు సరిగా ఉందనడానికి రుజువు. 2016 మార్చిలో దానిని ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సు కిందకు మార్చారు.

ఈ నమోదు వెనుక ఎంత శ్రమ ఉందో చెప్పాలి. పాత బోర్డు దొరికితే దాని మీది చిప్పులను జాగ్రత్తగా ఊడదీసి, ఒక్కొక్కదానిని చిప్పు చదివే పరికరంలో పెట్టి, లోపలి అంకెలన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తారు. వేరొక ఊరిలో, వేరొకరి బోర్డు నుంచి ఎక్కించిన అంకెలతో సరిపోల్చుతారు. రెండూ ఒకటైతే పాఠం సరైనదని నిర్ణయం. తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలు చూసే మన పరిష్కర్తల పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

కొన్ని చిప్పులు చదవనివ్వవు. అటువంటివాటి పైకప్పును ఆమ్లంతో కరిగించి, లోపలి సిలికాన్ పలకను సూక్ష్మదర్శిని కింద ఫోటో తీసి, చుక్క ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అని ఒక్కొక్క గుర్తునూ వ్రాసుకున్న స్వచ్ఛంద సేవకులు ఉన్నారు. పైన చెప్పిన ‘సీపీఎస్-2’ రహస్య లిపిని 2007లో సాల్మోరియా, ఆండ్రియాస్ నయీవ్ కలిసి ఛేదించారు. బ్యాటరీ చచ్చి మూలనపడిన బోర్డులకు మళ్ళీ ప్రాణం పోయడం కూడా వీలే.

వేషం ఎంత బాగా కుదరాలో తెలిపే ఉదాహరణ ఒకటి. 1995లో సూపర్ నింటెండోకు ‘స్పీడీ గొంజాలెజ్’ అనే ఆట వచ్చింది. అందులో ఆరవ ప్రపంచంలోని మొదటి దశలో ఒక మీట నొక్కగానే ఎమ్యులేటర్లలో ఆట బిగుసుకుపోయేది. కారణం వెదికితే, ఆ ఆట ప్రోగ్రాము పొరపాటున జ్ఞాపకంలో ఏమీ లేని చిరునామాను చదువుతోంది. అసలు యంత్రంలో అలా చదివితే, తీగల మీద అంతకుముందు మిగిలి ఉన్న విలువ వచ్చేది. ఆట ముందుకు సాగేది. ఎమ్యులేటర్లు ఆ శేషాన్ని పట్టించుకోలేదు. ఏమీ లేని చోట ఏమి ఉంటుందో కూడా తెలిస్తేగాని వేషం పూర్తికాదన్నమాట.

చేతికందిన బోర్డు

ఎంత మంచి ఎమ్యులేటరైనా బల్లమీది కంప్యూటరులో కీబోర్డుతో ఆడితే తృప్తి తక్కువ. అసలు వినోదశాల పెట్టె కొందామంటే మనిషి ఎత్తు, సుమారు వంద కిలోల బరువు, మరమ్మతుకు మనిషి దొరకడు. ఈ చిక్కును విప్పినది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుంచి వచ్చిన ఒక చిన్న బోర్డు. 2012 ఫిబ్రవరి 29న రాస్‌ప్‌బెరీ పై విడుదలయింది. బ్యాంకు కార్డంత పరిమాణం. మొదట వచ్చిన మోడల్ ధర 35 డాలర్లు. 2015 నవంబరులో వచ్చిన ‘పై జీరో’ ధర ఐదు డాలర్లు. బడి పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పాలన్నది దానిని చేసినవారి సంకల్పం. కాని లోకం దానిని ఆటలకూ వాడుకుంది. ‘రెట్రోపై’ వంటి ఉచిత ప్రోగ్రాముల కట్టలు వచ్చి, మెమరీ కార్డులోకి ఎక్కించి బోర్డులో గుచ్చితే చాలు అన్నంత సులభం చేశాయి.

ఇంట్లో చేసే పెట్టెకు కావలసిన సామగ్రి పెద్ద జాబితా కాదు. ఒక ప్లైవుడ్డు పలక, పనికిరాదని పక్కన పెట్టిన కంప్యూటరు తెర, ఒక జాయ్‌స్టిక్కు, ఆరేడు బటన్లు, వాటి తీగలను బోర్డుకు కలిపే చిన్న యూఎస్‌బీ పలక, చిన్న స్పీకర్లు. రంపం పట్టగలిగిన తండ్రి, తీగలు కలపగలిగిన కూతురు రెండు వారాంతాలలో దీనిని ముగించగలరు. కొన్న బొమ్మకూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, దీనిని కట్టినవారికి ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలుసు. చెడిపోతే బాగుచేయగలరు. సంరక్షణ అంటే అదే కదా.

ఈ బోర్డుకు లోపాలు లేకపోలేదు. బటను నొక్కడానికీ తెరమీద బొమ్మ కదలడానికీ మధ్య కొంత జాప్యం వస్తుంది. నొక్కిన సంగతి మొదట ఆపరేటింగు సిస్టముకు, అక్కడి నుంచి ఎమ్యులేటరుకు, అక్కడి నుంచి తెరకు చేరాలి. పాత యంత్రంలో ఈ మజిలీలు లేవు. సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యం సామాన్యులకు తెలియదు; ఆటలో ఆరితేరిన చేతికి ఇట్టే తెలుస్తుంది.

వేషం నుంచి పరకాయ ప్రవేశానికి

ఈ లోపాన్ని తీర్చే ప్రయత్నం నుంచే మరొక మార్గం పుట్టింది. 1985లో జైలింక్స్ కంపెనీ ఒక కొత్తరకం చిప్పును విడుదల చేసింది. మామూలు చిప్పులో తీగల కూర్పు ఫ్యాక్టరీలోనే స్థిరపడుతుంది. ఇందులో అలా కాదు. చిన్న లాజిక్ గదులు వరుసగా ఉంటాయి. ఏ గదిని దేనితో కలపాలో కొనుక్కున్నవాడు తరువాత నిర్ణయించుకోవచ్చు, మళ్ళీ చెరిపి మార్చుకోవచ్చు. వీటిని ఎఫ్‌పీజీఏ అంటారు. ఆ మొదటి చిప్పులో గదులు 64. ఇప్పటి చిప్పులలో లక్షల సంఖ్యలో ఉంటాయి.

ఎమ్యులేటరు పగటివేషమైతే, ఎఫ్‌పీజీఏ పద్ధతిని పరకాయ ప్రవేశం అనవచ్చు. ఇక్కడ ఒక ప్రాసెసరు మరొక ప్రాసెసరులా నటించడం లేదు. పాత యంత్రంలోని తీగల కూర్పునే ఈ ఖాళీ చిప్పులోకి దింపుతారు. ప్రాసెసరు, బొమ్మల చిప్పు, శబ్దాల చిప్పు అన్నీ అసలు యంత్రంలో లాగా ఒకే క్షణంలో పక్కపక్కన పనిచేస్తాయి. జాప్యం చాలావరకు పోతుంది. గాజుగొట్టం టీవీకి దానికి కావలసిన తరహాలోనే బొమ్మను పంపవచ్చు.

జర్మనీకి చెందిన టిల్ హార్‌బామ్ పాత అమీగా, అటారీ ఎస్‌టీ కంప్యూటర్లను ఇలా తిరిగి నిర్మించాలని ‘మిస్ట్’ అనే బోర్డు చేశాడు. దాని బాటలోనే 2017లో అలెక్సీ మెల్నికోవ్ ‘మిస్టర్’ ప్రాజెక్టును ప్రారంభించాడు. ఆయన తెలివి ఎక్కడ ఉందంటే, కొత్త బోర్డు తయారు చేయించలేదు. తైవాను కంపెనీ టెరాసిక్ కళాశాల విద్యార్థుల కోసం అమ్ముతున్న ‘డీఈ10-నానో’ బోర్డునే తీసుకున్నాడు. అందులో 1,10,000 లాజిక్ గదులున్న చిప్పు ఉంది. పాఠ్య పరికరం కనుక ఆనాటి ధర తక్కువ, నూరూ నూటయాభై డాలర్ల మధ్య. దానికి ఒక చిన్న జ్ఞాపకపు పలక తగిలిస్తే ఒకే బోర్డు ఈ రోజు ఫామికామ్, రేపు సెగా, ఎల్లుండి వినోదశాల యంత్రం అవుతుంది. తరువాత ఆ బోర్డు ధర పెరిగింది; 2024లో సుమారు వంద డాలర్లకే అటువంటి బోర్డులను వేరేవారు తయారుచేసి అమ్మడంతో మళ్ళీ అందుబాటులోకి వచ్చింది.

అయితే ఒక భ్రమను తొలగించాలి. ఎఫ్‌పీజీఏ అయినంత మాత్రాన అది అసలుకు అచ్చు నకలు అయిపోదు. పటం గీసినవాడికి పాత చిప్పు గురించి ఎంత తెలుసో అంతవరకే సరిగా ఉంటుంది. స్పెయిన్‌కు చెందిన హోసే తెహాదా పాత యమాహా శబ్దపు చిప్పును, క్యాప్‌కామ్ బోర్డులను ఎఫ్‌పీజీఏలోకి దింపిన తీరు చూస్తే ఈ మాట అర్థమవుతుంది. ఆయన పని ప్రధానంగా చదవడం, కొలవడం, సరిపోల్చడం. వ్రాయడం ఆ తరువాతి మాట. ‘మేమ్’వారు ఇరవయ్యేళ్ళుగా నమోదు చేసిన జ్ఞానం లేకపోతే ఈ రెండవ అడుగు పడేది కాదు.

మన వీధులలో

ఈ కథలో మన ఊళ్ళకూ చిన్న పాత్ర ఉంది. 1990 దశకంలో ఆంధ్రదేశపు పట్టణాలలో పెరిగినవారికి నింటెండో పేరు అంతగా తెలియదు. ‘టీవీ గేము’ మాత్రం తెలుసు. ‘వేలాది ఆటలు ఒకే దానిలో’ అని అట్టమీద గొప్పగా వ్రాసి, వేస్తే అవే పది ఆటలు తిరిగి తిరిగి వచ్చే కార్ట్రిడ్జీలు వారికి గుర్తుంటాయి. గంటకు ఇంత అని అద్దె తీసుకుని ఆడనిచ్చే దుకాణాలూ ఉండేవి. ఆ పెట్టెలు ఫామికామ్‌కు అనుమతి లేని నకళ్ళు. లోపల అసలు యంత్రంలోని చిప్పులన్నిటినీ ఒకే సిలికాన్ ముక్కలో ఇమిడ్చి, పైన నల్లని రెసిన్ బొట్టు పోసి మూసేసేవారు.

హక్కుల దృష్టితో చూస్తే అది తప్పే. చరిత్ర దృష్టితో చూస్తే, ఆ ఆటలు మధ్యతరగతి తెలుగు ఇంటికి చేరిన దారి అదొక్కటే. ఆ నల్లబొట్టు చిప్పులు అసలుతో ఎక్కడ తేడాగా ప్రవర్తించేవో కూడా ఎమ్యులేటర్లు వ్రాసేవారు శ్రద్ధగా నమోదు చేస్తున్నారు. మన అటకల మీద దుమ్ముపట్టిన ఆ పెట్టెలు కూడా ఆధారాలే.

చట్టం మాట

హక్కుల ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. ఎమ్యులేటరు వేరు, ఆట నకలు వేరు. సోనీ కంపెనీ కనెక్టిక్స్ అనే కంపెనీ మీద వేసిన దావాలో 2000లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు, అనుకూల యంత్రాన్ని చేసే క్రమంలో అసలు దాని ప్రోగ్రామును పరిశీలన కోసం నకలు చేసుకోవడం న్యాయమైన వాడుకే అని తీర్పు చెప్పింది. ఆట నకళ్ళను పంచడం మాత్రం హక్కుదారుని అనుమతి లేనిదే కుదరదు. 1998 నాటి డిజిటల్ కాపీరైటు చట్టం తాళాలు విప్పడాన్నీ నిషేధించింది. మూడేళ్ళకొకసారి ఇచ్చే మినహాయింపులలో 2015 నుంచి, కంపెనీ సర్వరు మూసేసిన ఆటలను నిలుపుకునేందుకు కొంత వీలు కలిగింది. పరిశోధకులు గ్రంథాలయాల నుంచి దూరాన ఉండి పాత ఆటలను పరిశీలించేందుకు చేసిన విన్నపాన్ని 2024 అక్టోబరులో నిరాకరించారు.

కంపెనీల పక్షాన కూడా మాట ఉంది. కొన్ని పాత ఆటలను అవి నేటికీ కొత్త రూపంలో అమ్ముకుంటున్నాయి. సొంతదారు వస్తువును ఉచితంగా పంచితే నష్టమేనంటారు. ఆ వాదన అమ్మకంలో ఉన్న ఆటలకు సరిపోతుంది. అమ్మకంలో లేని 87 శాతం మాటేమిటి? అమ్మనూ అమ్మరు, దాచుకోనూ ఇవ్వరు అంటే, హక్కు పేరుతో ఆ రచనకు సమాధి కట్టినట్లే అవుతుంది. హక్కులను గౌరవిస్తూనే ఈ ప్రశ్నను అడగడం పౌరులుగా మన విధి అని మా అభిప్రాయం.

ఎక్కువ చేతులలో

మ్యూజియంల సేవను తక్కువ చేయడం లేదు. న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టరులోని స్ట్రాంగ్ మ్యూజియం, మనవారు వేలాదిగా స్థిరపడిన టెక్సాస్ ఫ్రిస్కోలో 2016లో తెరిచిన నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం చూడదగినవి. వినోదశాల పెట్టెల మీది రంగుల బొమ్మలు, అసలు బోర్డులు, రూపకర్తల కాగితాలు అటువంటి చోటులలోనే భద్రంగా ఉంటాయి. ఇంటి బోర్డు ఆ పని చేయలేదు.

కాని మ్యూజియంలో ఉన్నది ఒక్క ప్రతి. ఆ ఒక్క ప్రతి చెడితే అంతే. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, తాళపత్ర గ్రంథాలను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. అట్లా నకళ్ళు పుట్టబట్టే ఎన్నో కావ్యాలు మనదాకా వచ్చాయి. అక్కడ కాగితం చౌక, వ్రాయసగాడు దొరికాడు. ఇక్కడ బోర్డు చౌక, చేతిపని తెలిసినవాడు దొరికాడు. చౌక అనే గుణాన్ని మనం చిన్నచూపు చూస్తాము. సంరక్షణలో అది మొదటి గుణం. లక్ష ఇళ్ళలో ఉన్నదానిని ఒక అగ్నిప్రమాదమో, ఒక కంపెనీ దివాలానో తుడిచివేయలేదు.

మన సంఘాలలోని పాఠకులకు మూడు మనవులు. మొదటిది: అటకమీదో గారేజీలోనో పాత ఆటపెట్టె, బోర్డు, కార్ట్రిడ్జి ఉంటే పారవేయకండి. లోపలి బ్యాటరీ కారుతోందేమో తెలిసినవారిచేత చూపించండి. కాని తమంతట తాము పీకకండి. కొన్ని బోర్డులకు దానిలోనే ప్రాణం ఉంటుందని పైన చెప్పాము. రెండవది: మన పిల్లలకు వేసవిలో పాట, నాట్యం నేర్పే శిబిరాలు పెడుతున్నాము, సంతోషం. వాటి పక్కన ఒక బల్ల వేసి, ఒక చిన్న బోర్డు, నాలుగు బటన్లు పెట్టి, పాత యంత్రం ఎలా నడిచేదో చూపగలిగిన ఇంజనీర్లు మనలో కొల్లలు.

మూడవది మన భాషకు సంబంధించినది. పేజ్‌మేకరులో, అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు పుస్తకాలు, ప్రత్యేక సంచికలు ఎన్నో ఫ్లాపీలలో, సీడీలలో ఉండిపోయాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. వాటిని సరిగా తెరవాలంటే ఆనాటి కంప్యూటరు కావాలి. అది లేకపోతే దాని వేషం కట్టే ప్రోగ్రాము కావాలి. ఆటల కోసం ఔత్సాహికులు నేర్చిన విద్యే ఇక్కడా అక్కరకు వస్తుంది. సంఘాల పాత కార్యదర్శుల ఇళ్ళలో ఉన్న ఆ ఫ్లాపీలను ముందుగా పోగుచేసి, చదవగలిగినంత చదివి, యూనికోడులోకి మార్చి, నాలుగు చోట్ల నకళ్ళు ఉంచే పనికి మన యువకులు పూనుకోవాలని కోరుతున్నాము. ఫ్లాపీల మీది అయస్కాంతపు పూత ఏటికేడు క్షీణిస్తోంది. ఈ పనిని వచ్చే ఉత్సవం దాకా వాయిదా వేయకుండా ఈ ఏడే మొదలుపెట్టడం మంచిది.